తాళాల సారు విడుదల

చిన్నక్క చేతుల్లో తాడు ఉంది. తాడు రెండో కొసన, ట్యాంకు కడుపులో, ఒక మనిషి ఉన్నాడు.

ముడి నూనె తోడేశాక ట్యాంకు అడుగున మోకాలి లోతు మడ్డి మిగులుతుంది. దాన్ని పారలతో గీకి ఎత్తడానికి మగవాళ్ళు నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగుతారు. లోపలి గాలి ఏ క్షణాన విషమవుతుందో ఎవరికీ తెలియదు. అందుకే దిగిన ప్రతి మనిషికీ బయట ఒక ఆడమనిషి ఉంటుంది. తాడు చేతిలో ఉన్నంతసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. ఎవరు పిలిచినా పలకదు, తల తిప్పదు. ఎప్పుడో ఒకామె పక్కదాని మాటకు నవ్వుతూ తాడు ఊగడం చూసుకోలేదట. లోపలి మనిషి నీలంగా మారి పైకి వచ్చాడు. అప్పటి నుంచీ ఆ యార్డులో అది కట్టుబాటు. కంపెనీ పెట్టింది కాదు. కంపెనీ పెట్టినవి గేటు మీద పెద్ద అక్షరాల్లో ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. ఇది మాత్రం తాడుతో పాటే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వస్తోంది.

సరిగ్గా అలాంటి సమయంలో ఆఫీసరు వచ్చాడు. వెంట నవ్వు సారు ఉన్నాడు. ఆయన కంపెనీ తరఫున ప్రభుత్వం వాళ్ళతో తిరిగే మనిషి. పనిలోంచి తీసేసేటప్పుడు కూడా ఆయన ముఖం మీద నవ్వు చెదరదు కాబట్టి ఆడవాళ్ళు ఆ పేరు పెట్టారు.

"ఈమేనండీ, వాల్వు మేస్త్రీ భార్య," అన్నాడు నవ్వు సారు.

ఆఫీసరు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "చూడమ్మా. పంపుహౌసు కేసులో శిక్ష పడిన మీ పాత మేనేజరు ఉన్నాడు కదా. జైల్లో ఆయన ప్రవర్తన బాగుందట. గడువుకు ముందే వదిలేద్దామని ప్రభుత్వం ఆలోచిస్తోంది. చనిపోయినవాళ్ళ కుటుంబాలను ఒక మాట అడగాలి, అది చట్టం. నీకేమైనా అభ్యంతరం ఉందా?"

చిన్నక్క తాడును ఇంకో చుట్టు చేతికి చుట్టుకుంది. కళ్ళు తాడు మీదే ఉన్నాయి. తాడు మెల్లగా కదులుతోంది. లోపల మనిషి పార వేస్తున్నాడు, ఊపిరి ఆడుతోంది.

"చెప్పమ్మా. ఎంతసేపు?"

చిన్నక్క పలకలేదు.

"మొహమాటం లెండి," అన్నాడు నవ్వు సారు. "అభ్యంతరమే ఉంటే వీళ్ళు ఊరుకునే రకమా? ఈపాటికి మనల్ని రక్కి ఉండేవాళ్ళు."

ఆఫీసరు తల ఊపి పక్క ట్యాంకు దగ్గరికి నడిచాడు. అక్కడ తాడు పట్టుకున్నది చిన్నక్క ఆడబిడ్డ, యార్డులో అందరికీ వదిన. ఆమె మొగుడు కూడా ఆ పంపుహౌసులోనే పోయాడు. ఆమెనూ అదే ప్రశ్న అడిగారు. ఆమె కూడా పలకలేదు.

పంపుహౌసు గురించి ఆ యార్డులో ఎవరూ గట్టిగా మాట్లాడరు. ట్యాంకుల్లోకి దిగేవాళ్ళకు గాలి మాస్కులు ఇవ్వమని అడిగిన సమ్మె అది. కొందరు పంపుహౌసులోకి వెళ్ళి కూర్చున్నారు. మాస్కులు ఇచ్చేదాకా లేవమన్నారు. మేనేజరు బయట నుంచి తాళం వేయించాడు. ప్రతి తలుపు తాళం చెవీ తన నడుముకే వేలాడదీసుకు తిరిగేవాడు కాబట్టి ఆయన్ని తాళాల సారు అనేవాళ్ళు. లోపల గొట్టం పగిలి మంట లేచింది. లోపలున్న మొగుడికి అన్నం డబ్బా తెచ్చిన చిన్నక్క తలుపు మీద పడి బాదింది. ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన ఫోనులో ఎవరి మాటో వింటున్నాడు. "అలాగే సార్, అలాగే సార్" అంటూ తాళాల గుత్తిని ప్యాంటు జేబులో వేసుకున్నాడు. లోపల తలుపు మీద పడుతున్న దెబ్బలు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి.

ఈ మాటే చిన్నక్క కోర్టులో చెప్పింది. వేలు పెట్టి చూపించి చెప్పింది. ఆ వేలి మీదే ఆయనకు యావజ్జీవం పడింది. ఫోనులో ఉన్నది ఎవరో మాత్రం ఆయన చెప్పలేదు. ఇప్పుడు తాళాల సారు బయటికి వస్తే ముందు వెతికేది ఎవరిని? ఈ సంగతి చిన్నక్కకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

సాయంత్రం ఇంటికి రాగానే తలుపు గడియ వేసింది. చాలదనిపించి కుట్టు మిషను జరిపి తలుపుకు అడ్డం పెట్టింది. కూతురు యార్డు ల్యాబులో నూనె శాంపిల్ సీసాలు కడుగుతుంది. పని నుంచి వచ్చి తలుపు తోస్తే తెరుచుకోలేదు.

"ఏంటమ్మా ఇది? దొంగలకి మనింట్లో ఏముందని? వాళ్ళే జాలిపడి ఏదైనా పెట్టి పోతారు," అని నవ్వింది పిల్ల, మిషను పక్కకు జరిగాక లోపలికి వస్తూ.

చిన్నక్క నవ్వలేదు. కిటికీలోంచి చూస్తే వీధి మలుపులో ఎవరో మోటారు సైకిలు ఆపుకుని నిలబడి ఉన్నాడు. ఎవరి కోసమో అనుకుంది. కిటికీ మూసేసింది.

మర్నాడు మధ్యాహ్నం, పని అయ్యాక ఆడవాళ్ళు ఒంటి నూనె వదిలించుకునే కుళాయిల దగ్గరికి వెల్డరన్న వచ్చాడు. యూనియన్ సెక్రటరీ ఆయనే. సాధారణంగా అటు రాడు, వచ్చినా దూరం నుంచి దగ్గి వస్తాడు. ఈసారి దగ్గు కూడా మర్చిపోయి వచ్చాడు. చేతిలో పేపరు ఉంది.

"అమ్మా, చూడండి. సముద్రంలో కొత్త నూనె బావులకి కంపెనీతో ఒప్పందం అయిందని మంత్రి సంతోషంగా చెప్పాడట. దాని కిందే ఇంకోటి ఉంది. సత్ప్రవర్తన గల ఖైదీల విడుదల. ఒకే పేజీ."

"అందులో తాళాల సారు పేరుందా?" అంది వదిన.

"మొదటి పేరు ఆయనదే."

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి, ఎవరూ కట్టేయలేదు.

వెల్డరన్నతో పాటు ఒక లాయరమ్మ వచ్చింది. వయసులో చిన్నది, కాళ్ళకు మడ్డి అంటుకుంటే చూసుకుని తుడుచుకోకుండానే నిలబడింది. ఆరా తీసి తెలుసుకున్నది ఆమె విడమరిచి చెప్పింది. ఆ రోజు ఫోనులో ఉన్నది హెడ్డాఫీసు పెద్దమనిషి. ఆ పేరు తెలిసినవాడు తాళాల సారు ఒక్కడే. తనను బయటికి తేకపోతే నోరు విప్పుతానని ఈ మధ్య ఆయన జైలు నుంచి కబురు పెట్టాడు. కంపెనీ మంత్రి దగ్గరికి పోయింది. మా మనిషిని వదిలితే బావులు మీ ఒడ్డున తవ్వుతాం, లేదంటే పక్క దేశం ఒడ్డున తవ్వుకుంటాం అంది. మంత్రి ఆలోచించుకోడానికి పెద్దగా సమయం తీసుకోలేదు.

"అయితే మా మొగుళ్ళ ప్రాణాలకి బదులు బావులు తవ్వుకుంటున్నారన్నమాట," అంది రేడియో. ఆమె నోరు మూయదు కాబట్టి ఆ పేరు. ఆ నోరు మూతపడేది తాడు చేతిలో ఉన్నప్పుడు మాత్రమే.

"మిమ్మల్ని అడిగారు కదమ్మా," అంది లాయరమ్మ. "కుటుంబాలు వద్దంటే అంత తేలిగ్గా వదల్లేరు. మరి ఎవరూ వద్దనలేదని రాసుకున్నారేంటి?"

"నన్నడిగినప్పుడు నా చేతిలో తాడుంది," అంది వదిన.

"నా చేతిలోనూ."

"నా చేతిలో కూడా."

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కరిని కూడా ఇంటి దగ్గర అడగలేదు. కుళాయి దగ్గర అడగలేదు. టీ తాగేటప్పుడు అడగలేదు. నవ్వు సారు ఒకప్పుడు ఈ యార్డులోనే సూపర్‌వైజరు. తాడు పట్టుకున్న మనిషి పలకదని ఆయనకు తెలియదా?

"వాడి నవ్వు తగలెయ్య," అంది రేడియో.

"అదే రాయించండి లాయరమ్మా," అంది వదిన. "తాడు ఉండబట్టే మాట్లాడలేదని. లేకపోతే మొహం మీదే చెప్పేవాళ్ళం."

అవునవునని అందరూ అన్నారు. చిన్నక్క ఒక్కతే అనలేదు. చేతులకు అంటిన సబ్బు ఎండిపోతోంది. అప్పటిదాకా తల వంచుకుని ఉన్నది, అలాగే తల వంచుకునే మాట్లాడింది.

"తాడు లేకపోయినా నేను చెప్పేదాన్ని కాదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"నిజం చెబుతున్నాను. తాడు చేతిలో ఉండటం మంచిదైందనుకున్నాను ఆ పూట. పలకక్కర్లేదు కదా అనుకున్నాను. నాకు భయం. పిల్ల ఉంది. ఆ మనిషి బయటికొస్తాడనగానే కుట్టు మిషను తలుపుకి అడ్డం పెట్టుకున్నాను. వద్దని చెబితే నా పేరు మళ్ళీ ఆయన చెవిన పడుతుంది. కోర్టులో చెప్పినప్పుడు నాకు కోపం ఉంది. ఇప్పుడు కోపం అయిపోయింది. భయమే మిగిలింది."

ఇక చీవాట్లు పెడతారని చిన్నక్క అనుకుంది. వదిన వచ్చి పక్కన గట్టు మీద కూర్చుంది.

"నాకు మాత్రం లేదనుకున్నావా ఏంటే," అంది. "రెండు రోజులుగా మా ఇంటి ఎదురుగా ఒకడు మోటారు సైకిలు మీద కూర్చుంటున్నాడు. కొడుకు చూస్తే ఏం గొడవ పెట్టుకుంటాడో అని వాణ్ణి వెనక గుమ్మంలోంచి పంపిస్తున్నాను."

"మా వీధిలోనూ ఉన్నాడు," అంది రేడియో. "నల్ల చొక్కా. నేను ఎవరో పెళ్ళిచూపులకి వచ్చాడేమో అనుకుని జుట్టు దువ్వుకున్నాను."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగింది. అందరి వీధుల్లోనూ మోటారు సైకిళ్ళు ఉన్నాయని ఆ నవ్వులోనే తెలిసింది. ఎవరికి వాళ్ళు తలుపులు వేసుకుని తమ ఒక్కరికే అనుకున్నారు. ఎవరింటి భయాన్ని వాళ్ళింట్లోనే దాచుకోవాలని వీధికొకడు అలా నిలబడుతున్నాడు. భయపడేవాళ్ళు విడివిడిగా ఉన్నంతకాలం ఒక్క మోటారు సైకిలు చాలు.

ఆ సాయంత్రం అందరూ కలిసి ఆఫీసరు గదికి వెళ్ళారు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఆయన టీ తాగుతున్నాడు. ఎవరి ఒంటి నుంచి నూనె వాసన వచ్చిందో గాని, మళ్ళీ జేబురుమాలు తీశాడు.

"అభ్యంతరం ఉంది," అంది చిన్నక్క.

"అడిగినప్పుడు చెప్పాలి కదమ్మా. ఇప్పుడు వచ్చి చెబితే ఎలా?"

"అడిగింది ఎప్పుడు? లోపల మనిషి ఉన్నప్పుడు అడిగితే మేం పలుకుతామా? పలికితే వాడు చస్తాడు."

"అది మీ యార్డు సంగతి. నాకేం తెలుసు?"

"నిన్న మీ వెంట వచ్చిన ఆయనకి తెలుసు," అంది వదిన.

లాయరమ్మ మళ్ళీ విచారణ జరపాలంది, చట్టం చెప్పింది. ఆఫీసరు చాలాసేపు వినలేదు. తర్వాత కప్పు కింద పెట్టి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "నా చేతిలో ఏముందమ్మా? పైనుంచి వచ్చింది. ఆపితే రేపు నన్నే ఎక్కడికో విసిరేస్తారు. నాకూ పిల్లలున్నారు."

చిన్నక్క ఆయన ముఖం చూసింది. ఆయనకూ భయమే. కాకపోతే ఆయన భయం ఫ్యాను కింద కూర్చుని ఉంది.

"విడుదల ఎప్పుడు?" అంది రేడియో.

ఆయన చెప్పలేదు. పోలీసులు వచ్చి అందర్నీ బయటికి తోశారు.

మర్నాడు కూతురు పని మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ల్యాబు గుమ్మంలో ఒకతను ఆపాడట. నల్ల చొక్కా. "మీ అమ్మ బాగుందా అని సారు అడిగారు. రేపు పొద్దున వస్తున్నారు కదా, స్వయంగా కలుస్తారట," అన్నాడట. ఇంకేమీ అనలేదు. చేయి వేయలేదు. దారి మాత్రం చాలాసేపు ఇవ్వలేదు.

చిన్నక్క మంచం మీద కూలబడింది. "మనం వెళ్ళిపోదాం. నా చెల్లెలి దగ్గరికి పోదాం. బట్టలు సర్దు."

"పిన్ని వాళ్ళ ఊళ్ళో వీధి మలుపులు ఉండవా అమ్మా?"

"ఎదురు చెప్పకు."

"చెబుతాను. నిన్న కుళాయి దగ్గర నువ్వన్న మాట యార్డంతా తెలిసింది. నీకు సిగ్గనిపించిందేమో. ల్యాబులో మా వాళ్ళందరూ ఏమన్నారో తెలుసా? ఇన్నాళ్ళకి ఒకళ్ళు నిజం చెప్పారన్నారు. ఇప్పుడు నువ్వు బట్టలు సర్దితే వాళ్ళందరూ సర్దుకుంటారు." పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుని మాట్లాడుతోంది. "నాకూ భయంగానే ఉంది. చాలా భయంగా ఉంది. కానీ ఒంటరిగా భయపడలేను అమ్మా."

చిన్నక్క లేచింది. పెట్టె తీయలేదు. కూతురి చేయి పట్టుకుని వదిన ఇంటికి వెళ్ళింది. "రేపు పొద్దునట," అంది. ఆ మాట ఇల్లిల్లూ తిరిగింది. చివరికి వెల్డరన్న గుమ్మం చేరింది.

యూనియన్ గదిలో వాదులాట జరిగింది. సమ్మె అంటే అప్పటి పంపుహౌసు మళ్ళీ అవుతుందని కొందరన్నారు. ఓడ రేవులో ఆగి ఉంది, ట్యాంకులు శుభ్రం కాకపోతే నూనె దింపడానికి చోటు లేదు, కంపెనీ ఊరుకోదు అన్నారు ఇంకొందరు.

"ఊరుకోదనేగా ఆపేది," అంది రేడియో. "ఊరుకునే పని ఆపి ఏం లాభం?"

"మేం రేపు తాడు పట్టుకోం," అంది చిన్నక్క. గదిలో మగవాళ్ళందరూ ఆమె వైపు తిరిగారు. "మిమ్మల్ని పని ఆపమని అడగట్లేదు. తాడు లేకుండా దిగగలిగినవాళ్ళు దిగండి."

ఎవరు దిగుతారు? మెట్ల దగ్గర కూర్చున్న ఒక ముసలి మడ్డి కూలీ గొంతు సవరించుకున్నాడు. "నా ప్రాణం ఇన్నేళ్ళూ ఈ ఆడవాళ్ళ చేతిలోనే ఉంది. వీళ్ళెక్కడుంటే నేనక్కడ," అన్నాడు. వాదులాట అక్కడితో అయిపోయింది.

తెల్లారేసరికి జైలు ముందు రోడ్డు మీద వాళ్ళు నిలబడి ఉన్నారు. తాడు ఆడవాళ్ళు ముందు, మడ్డి కూలీలు వెనక, ల్యాబు పిల్లలు, ఎవరో చెబితే వచ్చిన కాలేజీ విద్యార్థులు. ఎదురుగా కంపెనీ కారు, దాని ముందు పూలదండ పట్టుకుని నవ్వు సారు. జైలు గోడ ఎత్తుగా ఉంది. గోడ నీడలో లాఠీలు పట్టుకుని పోలీసులు. చిన్నక్క వదిన భుజం పట్టుకుని నిలబడింది.

ఇనస్పెక్టరు వచ్చాడు. "రోడ్డు ఖాళీ చేయండి. లేదంటే ఈడ్చేస్తాం."

"ఈడ్చండి," అంది రేడియో. "రోజూ మడ్డి ఈడ్చేవాళ్ళం, ఈడ్చడం అంటే ఏంటో మాకు తెలుసు."

ఈడ్చారు. ముందు వరసలో ఉన్నవాళ్ళను జుట్టు పట్టుకుని, చేతులు విరిచి వ్యానులోకి తోశారు. వ్యాను కదలబోయింది. చక్రాల ముందు మడ్డి కూలీలు కూర్చున్నారు. వెనక్కి పోదామంటే విద్యార్థులు కూర్చున్నారు. లాఠీలు లేచాయి, పడ్డాయి. ఎవరి తలో పగిలింది. లేచినవాళ్ళ చోట్లో ఇంకొకరు వచ్చి కూర్చున్నారు. వ్యాను అంగుళం కదల్లేదు. ఇనస్పెక్టరుకు చెమటలు పట్టాయి. చివరికి పట్టుకున్నవాళ్ళను అప్పటికి జైలు లోపల పెట్టమన్నాడు.

పెద్ద తలుపు తెరుచుకుంది. తెరిచిన తలుపు వెనక తాళాల సారు నిలబడి ఉన్నాడు.

ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జుట్టు నెరిసింది. నడుముకు తాళాలు లేవు. చిన్నక్కను ఇద్దరు కానిస్టేబుళ్ళు అటు తోసుకువస్తున్నారు, ఆయన ఇటు అడుగు వేయబోతున్నాడు. మధ్యలో గడప. ఆయన ఆమెను గుర్తుపట్టాడు. చుట్టూ గోలలో ఆమెకు ఒక్కదానికే వినపడేలా, మర్యాదగా, కుశలం అడిగినట్టు అడిగాడు.

"అమ్మాయి బాగుందా?"

పంపుహౌసు పొగ వాసన మళ్ళీ చిన్నక్క ముక్కుకు తగిలింది. ఈ మాటను మింగేసి, ఇంటికి తీసుకుపోయి, తలుపు వేసుకుని తనలో దాచుకోవాలనిపించింది. వెనక్కి తిరిగింది. రోడ్డు వైపు తిరిగి, ఉన్న గొంతంతా పెట్టి చెప్పింది.

"మా అమ్మాయి బాగుందా అని అడుగుతున్నాడు. వినండి. ఇప్పుడే, ఇక్కడే అడిగాడు. మా అమ్మాయి బాగుందా అంటున్నాడు."

రోడ్డు మీద గోల ఆగింది. నవ్వు సారు చేతిలో దండ కిందికి జారింది.

ల్యాబు పిల్లల మధ్య నుంచి కూతురు లేచి నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది. "బాగున్నాను," అంది. ఆమె రెండు పక్కలా ఉన్నవాళ్ళు లేచారు. తర్వాత వాళ్ళ వెనకవాళ్ళు లేచారు. ముసలి మడ్డి కూలీ తలకు కట్టుకున్న గుడ్డలోంచి నెత్తురు కారుతుంటే అలాగే లేచి ఆ పిల్ల ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎవరూ పిలుపు ఇవ్వలేదు. అందరూ కలిసి తలుపు వైపు ఒక్క అడుగు వేశారు. కంపెనీ కారు డ్రైవరు దిగి కారు అక్కడే వదిలేసి గోడ పక్కకు వెళ్ళిపోయాడు.

తాళాల సారు ఎత్తిన కాలు గడప ఇవతల పెట్టలేదు. వెనక్కి తీసుకున్నాడు.

"తలుపు మూయండి, తలుపు మూయండి," అన్నాడు ఇనస్పెక్టరు. కానిస్టేబుళ్ళు ఆడవాళ్ళను లోపలికి తోసి తలుపు మూశారు. ఇప్పుడు అందరూ ఒకే గోడ లోపల ఉన్నారు. చిన్నక్క, వదిన, రేడియో, ఇంకా కొందరు ఒక పక్కన. విడుదలైన మనిషి ఇంకో పక్కన. బయట నుంచి నినాదాలు గోడ మీదుగా లోపల పడుతున్నాయి. ఎవరో తలుపును అరచేతులతో బాదుతున్నారు. ఒక్కరు కాదు. ఆ దెబ్బలు తగ్గడం లేదు.

ఆ చప్పుడుకు తాళాల సారు ముఖంలో రంగు మారడం చిన్నక్క చూసింది. ఆయన గబగబా జైలరు దగ్గరికి వెళ్ళాడు.

"వెనక వైపు వేరే దారి ఉందా?"

జైలరు ఆయన వంక వింతగా చూశాడు. "లేదండీ. జైలు కదా. ఒకటే తలుపు."

చిన్నక్క నడిచి వెళ్ళి, ఆ ఒక్క తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చుంది. వదిన వచ్చి పక్కన కూర్చుంది.